పులుసు జిల్లాల్లో పొడి చుట్ట

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మెత్తటి రొట్టెలో మాంసం పెట్టి చుట్టే గ్రీకువాళ్ల చికెన్ చుట్టలో పులుసు ఉండదు. పోద్దామన్నా చోటు లేదు. చేపల పులుసు మీద తరతరాలుగా సంపాదించిన పేరు ఇక్కడ ఎందుకూ కొరగాదు సరికదా, ఆ అలవాటే వంటను చెడగొడుతుంది. నెల్లూరు మాగుంట లేఅవుట్ మేడల్లోనూ ఒంగోలు లాయర్‌పేట ఇళ్లలోనూ ఆదివారం మధ్యాహ్నం చేతిలోంచి జారి ఒళ్లో పడుతున్న చుట్టలన్నిటి మీదా విచారణ జరిపితే ముద్దాయి ఒక్కరే తేలతారు. నీళ్లు.

ముందు పేరు సంగతి. అది గైరోస్ కాదు, జైరోస్ అసలే కాదు, యీరోస్. తిరుగుడు అని అర్థం, నిలువు చువ్వకు గుచ్చిన మాంసం నిప్పు పక్కన తిరుగుతూ కాలుతుంది గనక. లోపల పూసే కీరా పెరుగు ముద్ద పేరు పలకలేక ఇంగ్లిషువాళ్లు నాలుక మడత వేసుకుంటారు. మనకా ఇబ్బంది లేదు. ‘జడ’లో ‘జ’ ఎట్టా పలుకుతామో అట్టా ‘జాజీకి’ అంటే సరిపోయె. గ్రీసుకూ పెన్నా తీరానికీ ఉన్న సాంస్కృతిక సంబంధం ఈ ఒక్క అక్షరమే కాబట్టి దాన్నైనా నిలుపుకోవాలి.

‘ఇది షవర్మానే గదా’ అనే బంధువులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. చుట్టరికం ఉన్నమాట నిజం. రెండూ తుర్కీవాళ్ల డోనర్ కబాబ్‌కు పిల్లలే. 1922–23లో ఆసియా మైనర్ (నేటి తుర్కీ) వదిలి గ్రీసుకు చేరిన కాందిశీకులతో ఈ తిరుగుడు మాంసం అక్కడికి వచ్చిందంటారు. అక్కడ పందిమాంసానిదే పెద్ద పీట, కోడిది దాని తర్వాతి స్థానం. బంధువులకు ఇంతవరకు చెప్పి ఊరుకోండి, ఇంకా చెప్పబోతే ‘మరి మయొన్నైస్ ఏదీ’ అంటారు.

ఇంట్లో నిలువు చువ్వ ఉండదు. స్టీలు కడ్డీకి ముక్కలు గుచ్చి గ్యాస్ మంట మీద తిప్పే సాహసవీరులు బర్నర్ కడుక్కునే ఓపిక కూడా సిద్ధం చేసుకోవాలి. మిగిలినవాళ్లకు కారందోసెలు కాల్చి కాల్చి నల్లబడ్డ ఇనప పెనం చాలు.

అసలు పరీక్ష చికెన్ కొట్టు దగ్గర మొదలవుతుంది. ‘అరకిలో బోన్‌లెస్’ అంటే ఛాతీ ముక్క వస్తుంది. దానిలో కొవ్వు తక్కువ, పెనం మీద రెండు నిమిషాలు ఎక్కువైతే పీచు. అడగాల్సింది తొడ మాంసం, ఎముక తీసి, ముక్కలు కొట్టకుండా. ఈ చివరి మాట మూడుసార్లు చెప్పాలి. ‘ముక్కలు వద్దన్నా’ అనేలోపు కత్తి నాలుగుసార్లు దిగే ఉంటుంది. అది ఆయన తప్పు కాదు, మనమంతా కలిసి ఆయన చేతికి నేర్పిన కూరముక్క సైజు అది. కానీ చిన్న ముక్కలు పెనం మీద ఒక్కసారిగా నీరు వదులుతాయి, ఆ నీళ్లలోనే ఉడుకుతాయి, ఎర్రబడవు. తొడను పుస్తకంలా విప్పి అట్లాగే కాల్చి, తర్వాత కోసుకోవాలి.

అరకిలోకు నానబెట్టే సరుకు ఇది: నీళ్లు వార్చిన పెరుగు మూడు పెద్ద చెంచాలు, ఆలివ్ నూనె రెండు పెద్ద చెంచాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బల ముద్ద, ఒక టీ చెంచా ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, రంగు కోసం ఒక చెంచా కాశ్మీరీ కారం, రెండు చెంచాల ఒరిగానో, ఒక పెద్ద చెంచా నిమ్మరసం. నిమ్మకాయల మార్కెట్‌కు పేరుమోసిన గూడూరు ఏ జిల్లాలో ఉంటుందన్నది ప్రభుత్వాలు తేల్చుకునే విషయం, నిమ్మకాయ మాత్రం మన వంటింటి ఆస్తి. అయితే మన నిమ్మ గ్రీకుల పెద్ద నిమ్మకంటే పులుపులో గట్టిది. ఉదారంగా రెండు కాయలు పిండి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మాంసం పైపొర సున్నంలా తెల్లబడి పిండిపిండి అవుతుంది. కనీసం రెండు గంటలు నానాలి, ఆరు గంటలు దాటితే ఎక్కువ. అల్లం వద్దు. అల్లంవెల్లుల్లి డబ్బా చూడగానే చెయ్యి దానంతటదే పోతుంది, పోనివ్వకండి. అల్లం మాంసాన్ని మరీ మెత్త చేస్తుంది, పైగా వాసన ఏథెన్స్ నుంచి నేరుగా పెళ్లి విందులోకి లాక్కొస్తుంది.

ఒరిగానో అనగానే ఫ్రిజ్ తలుపులో దాచుకున్న పిజ్జా ప్యాకెట్లు బయటికొస్తాయి. వాటిలో చాలావాటికి ఒరిగానో పేరు మాత్రమే, లోపల ఉప్పూ ఎండుమిర్చీ కూడా ఉంటాయి. అవే దిక్కైతే పై లెక్కలో ఉప్పు తగ్గించాలి. అంతకన్నా మర్యాదైన దారి పెరట్లో కుండీలోనే ఉంది. ఒరిగానో ఘాటుకు మూలమైన కార్వక్రాల్ మన వాము ఆకులోనూ ఉంది. లేత ఆకులు రెండు సన్నగా తరిగి వేస్తే చాలు. మూడో ఆకు వేశారా, దగ్గుకు కషాయం తాగినట్టే. ఆలివ్ నూనె మందులషాపులో పసిపిల్లల ఒంటికి రాయడానికి అమ్మే చిన్న సీసా కాకూడదని చెప్పాల్సి రావడం విచారకరం, అయినా చెబుతున్నాం.

తర్వాత జాజీకి. పెరుగు అరకిలో పల్చటి గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు వేలాడదీస్తే సగానికి దగ్గరగా నీరై దిగిపోతుంది. ఒక కీరా దోసకాయ తురిమి, అర చెంచా ఉప్పు కలిపి పావుగంట ఆగి, పిడికిట్లో పట్టి పిండాలి. మొదటి పిండుడుకు ధారగా, రెండోదానికి చుక్కలుగా కారుతుంది. మూడోసారి ఏమీ రాదనుకుంటాం, వస్తుంది. తురుము గట్టి ఉండలా నిలిచేదాకా పిండి, వార్చిన పెరుగులో కలిపి, ఒక వెల్లుల్లి రెబ్బ నూరి, చెంచా వెనిగర్, పెద్ద చెంచా ఆలివ్ నూనె, దొరికితే కాస్త సోయకూర చేర్చి గంటసేపు చల్లబెట్టాలి. ఇక్కడ పోపు వేస్తే అది పెరుగు పచ్చడి. రుచిగానే ఉంటుంది, అందుకే ప్రమాదం.

‘ఏందే ఇది, ఆవాలన్నా ఎయ్యకపోతివే, పత్యమా?’ అని అవ్వ అడుగుతుంది.

‘గ్రీకోళ్లు అట్టే తింటారవ్వా.’

‘అయ్యో పాపం.’

మాంసం కాల్చేటప్పుడు ఒక్క నిబంధన. మూత పెట్టకూడదు. మూత పెట్టడం మన రక్తంలో ఉంది. మూత పెడితే ఆవిరి, ఆవిరైతే నీరు, నీరైతే చివరికి కూర. మాంసానికి అంటుకున్న పెరుగు ముద్ద తుడిచేసి, పెనం పొగ అంచుకు వచ్చాక వేరుశెనగ నూనె చెంచాడు వేసి, ఒక్కో వాయికి రెండే తొడలు పరవాలి. ఒకవైపు ఐదారు నిమిషాలు కదపకుండా, రెండోవైపు నాలుగైదు. మధ్యలో 74 డిగ్రీల వేడి చేరాలి. థర్మామీటర్ లేకుంటే మందంగా ఉన్నచోట కోసి చూడండి, గులాబీ రంగు ఉండకూడదు. ఐదు నిమిషాలు పక్కన పెట్టి అప్పుడు సన్నగా కోయాలి. వేడి మీదే కోస్తే రసమంతా చెక్కపలక తాగుతుంది.

ఇక రొట్టె. ఇది చపాతీ కాదు, సంచీలా తెరుచుకునే పీటా కూడా కాదు. గ్రీకు పీటా మందంగా, మెత్తగా, ఒకే పొరగా ఉంటుంది. మైదా 300 గ్రాములు, గోరువెచ్చని నీళ్లు 180 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీ చెంచా, పంచదార ఒకటి, ఉప్పు ఒకటి, నూనె ఒకటిన్నర పెద్ద చెంచాలు. పది నిమిషాలు పిసికి వదిలేయాలి. వంట వీడియోల్లో గంటన్నర అంటారు, ఆ చెప్పేవాళ్లు మే నెలలో ఒంగోలు రాలేదు. ఇక్కడ నలభై నిమిషాలకే పిండి రెట్టింపై గిన్నె అంచు దాటి చూస్తుంటుంది. ఆరు ఉండలు చేసి, జానెడు వెడల్పున అర సెంటీమీటరు మందం ఒత్తి, ఫోర్కుతో అంతా పొడవాలి, లేకుంటే పూరీలా పొంగుతుంది. రెండువైపులా నిమిషంన్నర, అంతే. చుట్టలు నాలుగే, రొట్టెలు ఆరెందుకంటే మొదటి రెండూ పెనానికి దక్షిణ.

కాల్చిన రొట్టెను వెంటనే గుడ్డలో చుట్టాలి. మిగతా వంటంతా నీటిని తరిమేది, ఈ ఒక్కచోట మాత్రం దాచాలి. ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు ఇది విడమరచనక్కర్లేదు. పొగాకు కాల్చే కొట్టం, బ్యారన్‌లో కాలిన ఆకును అప్పటికప్పుడు ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది, తేమ తగిలి మెత్తబడ్డాకే చెయ్యి వేస్తారు. రొట్టెకూ అదే పదును. ఆరితే మడత దగ్గర పటుక్కున విరుగుతుంది, తడిస్తే అడుగు ఊడిపోతుంది.

జాజీకి రొట్టె మధ్యలో పూసి అంచు రెండు వేళ్లు వదలాలి. మాంసం, సన్నటి ఉల్లి, గింజలూ గుజ్జూ తీసేసిన టమాటా, పైన వేడి బంగాళదుంప వేపుళ్లు. వేపుళ్లు లోపలే పెట్టడం గ్రీసులో రివాజు, బయటపెట్టి పిల్లలకు పంచితే చుట్టలో మిగలవు. అడుగు మడిచి బటర్ పేపర్‌లో బిగించాలి. బజ్జీల న్యూస్‌పేపర్ వద్దు, సిరా కడుపులోకి పోతుంది. కట్టిన ఐదు నిమిషాల్లో తినాలి. ఫోటోలు ఆ ఐదు నిమిషాల్లోనే.

వార్చిన పెరుగు నీళ్లు పారబోయకండి, పీటా పిండికి సగం నీళ్లు అవే వాడొచ్చు. మిగిలినవి వెతికితే దొరకవు. ఈలోపు అవ్వ ఆ గిన్నె తీసుకుని, కీరా పిండిన ఉప్పునీళ్లు అందులోనే వంచి, అడుగున మిగిలిన పెరుగుతో ఇంత శెనగపిండి గిలకొట్టి, పసుపు, పచ్చిమిరపకాయలు, పోపు వేసి మజ్జిగపులుసు దించేసి ఉంటుంది. చుట్టలు నలుగురికి. ఆ పులుసుతో ఇంటిల్లిపాదీ అన్నాలు తిని, పక్కింటికి గిన్నెడు పంపుతారు.