ఉడికించిన భాష

విజయవాడలో మా వీధి చివరి టిఫిన్ హోటల్లో నాకొక పేరుంది. నా ఎదుట ఎవరూ అనరు కాబట్టి దాన్ని ఇక్కడ రాయను. దోసె చెప్పేటప్పుడు నేను ఆరు షరతులు పెడతాను. ఎర్రగా కాలాలి, మాడకూడదు. ఉల్లిపాయ సన్నగా తరగాలి, అలాగని కనబడకుండా పోకూడదు. నెయ్యి మధ్యలో కాదు, అంచుల వెంట. అల్లప్పచ్చడి విడిగా. కారప్పొడి ఇంకా విడిగా. ఆరోది ఆ రోజు మూడ్‌ని బట్టి ఉంటుంది. ఇవి నా హక్కులని నా నమ్మకం.

అలాంటి నన్ను సెంట్ పీటర్స్‌బర్గ్ నగరం నాలుగు రోజుల్లో సాధువుని చేసింది. అదెలా జరిగిందో భావితరాల కోసం రాసిపెట్టడం నా బాధ్యత.

వెళ్లేముందు నాకు ఏ టెన్షనూ లేదు. రష్యన్‌కీ సంస్కృతానికీ చుట్టరికం ఉందని విని ఉన్నాను. రెండంటే ద్వా, మూడంటే త్రి, నిప్పంటే అగోన్. చాయ్‌ని చాయ్ అనే అంటారట. ఇంకేం కావాలి? మేనత్తగారింటికి వెళ్లినట్టే వెళ్లాను. దిగాక తెలిసింది, చుట్టరికం నిజమే గానీ చాలాకాలంగా రాకపోకలు లేవని. చాయ్ అడిగితే చాయే తెచ్చారు. పాలు లేవు, నిమ్మచెక్క ఉంది.

వాళ్ల అక్షరాలు మరీ మోసం. చూడ్డానికి ఇంగ్లిషు వేషం, పలకడం వేరే. పి లా కనబడేది ర, సి లా కనబడేది స, హెచ్ లా కనబడేది న. అది తెలియక రెస్టారెంట్ బోర్డుని నేను 'పెక్టోపా' అని చదివాను. ఆ ఊరి ప్రధాన వీధి నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ మీద అడుగడుగునా అదే బోర్డు. ఇన్ని బ్రాంచీలు పెట్టాడంటే ఈ పెక్టోపాగారు సామాన్యుడు కాడని ఒక పూటంతా ఆయన మీద గౌరవంతో తిరిగాను.

చివరికి ఒక పెక్టోపాలో అడుగుపెట్టాను. గుమ్మంలోనే ఒక పెద్దావిడ నా కోటు తీసేసుకుని, చేతిలో 47 అని అంకె ఉన్న బిళ్ల పెట్టింది. లోపలికెళ్లి 47వ టేబుల్ కోసం వెతికాను. ఉన్నవి పన్నెండు. అది కోటు నంబరని తెలిసేలోగా హాలు మూడుసార్లు చుట్టొచ్చాను. గుడైతే పుణ్యమైనా దక్కేది.

మెనూ చూశాక ప్రాణం లేచొచ్చింది. అంకెలు చదవడం వచ్చు కదా! ప్రతి పదార్థం పక్కనా 350, 250, 180 అని ఉన్నాయి. మధ్యతరగతి సంస్కారం కొద్దీ అన్నిటికన్నా చిన్న అంకె వెతికి, 30 మీద వేలు పెట్టాను. రష్యాలో మెనూ మీద వంటకం బరువు కూడా గ్రాముల్లో వేస్తారని, వెల ఆ పక్కన వేరే ఉంటుందని నాకు చెప్పేవాళ్లెవరు? ఆ దేశంలో వోడ్కాని కూడా గ్రాముల్లోనే అడుగుతారట. ఇక మెనూ మొత్తంలో 30 గ్రాములే పెట్టేది ఏమిటయ్యా అంటే, ఎర్రటి చేపగుడ్లు. చిన్న గిన్నెలో, నగలషాపులో పెట్టినంత భద్రంగా తెచ్చారు. బిల్లు కూడా ఆ షాపుదే. 2022 మార్చి నుంచి మన వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ చెల్లవు కాబట్టి, ఆ శోకాన్ని నోటు తర్వాత నోటు లెక్కపెట్టి మరీ అనుభవించాను.

మర్నాడు ఫోన్‌లో అనువాదం పెట్టుకుని వెళ్లాను. కెమెరా మెనూ మీద పెడితే తెలుగులో వచ్చింది. 'బొచ్చుకోటు కింద చేప.' దాని కింద 'ఉడికించిన భాష'. రష్యన్‌లో నాలుకకీ భాషకీ ఒకటే మాట, యజీక్. అది నాలుక కూరని తర్వాత తెలిసింది గానీ, ఆ క్షణంలో మాత్రం నా పరిస్థితిని ఎవరో మెనూలో ప్రింటు వేయించారనిపించింది.

సూప్ వచ్చింది. చప్పగా ఉంది. కారం కావాలని ఎలా చెప్పను? నాలుక బయటపెట్టి, చేత్తో విసురుకుని, ఉస్సు ఉస్సు అన్నాను. వడ్డించే అమ్మాయి గంభీరంగా చూసి మంచినీళ్లు తెచ్చింది. కాదన్నాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కారణం లేకుండా నవ్వడం మూర్ఖుడి లక్షణమని రష్యన్లకి సామెత ఉంది. 'నవ్వు నాలుగు విధాల చేటు' అన్నది మనమే అయినా, అమలు చేస్తున్నది వాళ్లు. నా నటన మొత్తాన్నీ ఆ అమ్మాయి అదే మొహంతో చూసి, వెళ్లి పచ్చటి ముద్ద ఉన్న చిన్న గిన్నె తెచ్చిపెట్టింది. గొర్చీత్స, అంటే ఆవముద్ద. ఆవకాయ తినే జాతికి ఆవ చూపిస్తారా అని నవ్వుకుని, నల్ల రొట్టె మీద చెంచాడు పట్టించి కొరికాను. అది నాలుక దగ్గర ఆగలేదు. ముక్కులోంచి నడినెత్తికి పోయింది. కళ్ల వెంట ధారలు. పక్క టేబులాయన తన గ్లాసు నావైపు జరిపాడు. కన్నీళ్లలోంచి లీలగా కనబడింది, ఆ అమ్మాయి నవ్వుతోంది. కారణం దొరికింది కదా.

మూడో రోజుకి అహంకారం పూర్తిగా కరిగి స్తలోవయాలో చేరాను. మన మెస్ లాంటిది. ట్రే పట్టుకుని వరసలో జరుగుతూ పోవాలి. కౌంటర్ అవతల తెల్ల టోపీ పెద్దమ్మ గరిటెతో ఏదో చూపించి ఏదో అడిగేది. నేను "దా" అనేవాణ్ణి. రష్యన్‌లో దా అంటే అవును. మనకేమో రమ్మని పిలుపు. రెండు భాషల్లోనూ లొంగిపోయాను. బీట్‌రూట్ సూప్, దా. గోధుమ కాని గోధుమరంగు అన్నం, దా. మీద పుల్లటి మీగడ, దా. అన్నిటి మీదా చిటికెడు సోయికూర, దా తల్లీ. ఒక్క షరతు లేదు. తిని, ట్రే నేనే తీసి స్టాండులో పెట్టి వచ్చాను. మా ఇంట్లో ఈ మాట నమ్మరు.

నాలుగో రోజు బల్షాయా కన్యూషెన్నయా వీధిలో 1958 నుంచి ఉన్న పిష్కీల కొట్టుకెళ్లాను. పిష్కా అంటే చక్కెర పొడి జల్లిన గారె, చిల్లుతో సహా. మాస్కోవాళ్లు పోన్చిక్ అంటారు, వీళ్లు ఒప్పుకోరు. మనకి గారె, వడ తగాదా ఉన్నట్టే. అక్కడ అడగాల్సింది ఎన్ని అన్నదొక్కటే. "త్రి" అన్నాను. మూడొచ్చాయి. వేల ఏళ్ల చుట్టరికం ఆ ఒక్క పూట ఆదుకుంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ పప్పు వడ్డించి, "ఉప్పెక్కువైందా?" అని అడిగింది. "దా" అన్నాను. పిలిచాననుకుని దగ్గరికొచ్చింది. మాట్లాడకుండా తినేస్తున్నానని చూసి నుదురు ముట్టుకుని, "జ్వరమేం లేదే, ఏమైంది మీకు?" అంది.

ఈ సాధుత్వం నాలుగు రోజులు నిలిచింది. ఐదో రోజు పొద్దున్న టిఫిన్ హోటల్లో కూర్చుని ఆరు షరతులూ వరసగా చెప్పాను. సర్వరు తలాడించి, "ఇంకేమన్నానా సార్?" అన్నాడు.

"దోసె ఎన్ని గ్రాములు?" అన్నాను.

వాడు నవ్వలేదు.