ఈక్వలైజరా, కొత్త స్పీకర్లా?

ఆదివారం ఉదయం. ఇంటి ముందు ఆపిన పాత కారులో కొత్తగా బిగించిన స్టీరియో. ముందు సీట్లలో మామయ్య, మేనల్లుడు.

మేనల్లుడు: స్వరాలను విడివిడిగా పెంచే, తగ్గించే ఈ ఈక్వలైజర్ మీటలు జరుపుతూ కూర్చుంటే పాట బాగుపడదు మామయ్యా. తలుపుల్లో కారుతో వచ్చిన స్పీకర్లే ఉన్నాయి. అవి తీసేసి కొత్తవి వేయించి, వెనక బాగా కింది స్వరాల కోసం ఒక సబ్‌వూఫర్ పెట్టిస్తాను.

మామయ్య: డబ్బు తీసే ముందు ఆ స్క్రీన్ చూడు అల్లుడూ. కింది స్వరాల బాస్ పూర్తిగా పైకి, పై స్వరాల ట్రెబుల్ పూర్తిగా పైకి, మధ్యలో గుంట. మాట స్పష్టంగా వినిపించేది 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో. నువ్వు గుంట తవ్వింది అక్కడే. గాయని గొంతు వాద్యాల కింద మునిగిపోయింది, పాపం.

మేనల్లుడు: బాస్ అంత పెంచితేనే ఈ కాస్తయినా వస్తోంది!

మామయ్య: మోత 3 డెసిబెల్స్ పెంచితే స్టీరియో రెట్టింపు శక్తి ఇవ్వాలి. 10 పెంచితే పది రెట్లు. పెట్టె మీద 50 వాట్లు అని ఉన్నా, ఒక్కో స్పీకరుకు నికరంగా అందేది 15 నుంచి 20 వాట్లే. అంతకు మించి అడిగితే తరంగం కొన తెగి పాట గరగరలాడుతుంది. అందుకే తగ్గించమంటున్నాను. 80 హెర్ట్జ్ దగ్గర, దాని కింది స్వరాలను ఆపే హై పాస్ ఫిల్టర్ పెట్టు. 200 దగ్గర 3 డెసిబెల్స్ దించు, తలుపుల డొల్ల మోత తగ్గుతుంది.

మేనల్లుడు: 80 కింద కోసేస్తే ఇక డప్పు దెబ్బ ఎక్కడిది? ఆరున్నర అంగుళాల స్పీకరు 40 హెర్ట్జ్‌ను గట్టిగా పలకలేదు. లేనిదాన్ని ఏ మీటా తెచ్చిపెట్టదు.

మామయ్య: నిజమే, దానికి సబ్‌వూఫర్ కావాలి. కానీ 80 పైన ఉండాల్సిన మృదంగం మోత కూడా ఈ కారులో లేదు, నాకు బాధ అదే. ముందు, వెనక స్పీకర్లకు మోత పంచే ఫేడర్ ముందుకు తెచ్చి, ఎడమ, కుడికి పంచే బ్యాలెన్స్ పూర్తిగా కుడివైపు పెట్టు.

(ఒక్క స్పీకరే పలికింది. మృదంగం గుమ్మని మోగింది. బ్యాలెన్స్ మధ్యకు రాగానే మోత పలచబడింది.)

మేనల్లుడు: రెండూ కలిస్తే పెరగాలి కదా, తగ్గిందేమిటి?

మామయ్య: ఒకదానికి ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయి. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. కింది స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి.

మేనల్లుడు: అంటే మీ ఈక్వలైజర్ దీన్ని సరిచేయలేదు.

మామయ్య: చేయలేదు. తప్పు స్టీరియో వెనక కనెక్టరులో ఉంటే నీ కొత్త స్పీకర్లూ ఇలాగే పలికేవి.

మేనల్లుడు: స్క్రూడ్రైవర్ తెస్తాను. సబ్‌వూఫర్ మాట మాత్రం వదలను.

మామయ్య: వదలకు. తీగలు మార్చి, మీటలన్నీ సున్నాకు తెచ్చి, ఒక వారం విను. అప్పటికీ లోటనిపిస్తే సీటు కింద పట్టే చిన్నది ఒకటి నేనే కొనిపెడతాను.