ఆ ఇంటికి వీధి తలుపు ఎందుకు లేదు?

అమెరికాలో పౌరహక్కుల నాయకుడి ఇల్లు జాతీయ స్మారకం అయిందన్న వార్త వస్తే చాలు, ఒక వాదన చేతులు మారుతూ మన దాకా వస్తుంది: "మామూలు ఇంటికి ఇంత హడావుడా? ఓ విగ్రహం పెడితే సరిపోదా? ప్రభుత్వానికి పని లేక మానిన గాయాన్ని కెలుకుతోంది. అయినా మార్టిన్ లూథర్ కింగ్ ఇల్లు ఉందిగా." వినడానికి సబబుగానే ఉంటుంది. మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో అలా జాతీయ స్మారకం అయిన, నల్లజాతి పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ ఇంటికి దీన్ని వర్తింపజేసి చూద్దాం.

మామూలు ఇల్లే, కాదనను. 1950ల్లో నల్లజాతి మధ్యతరగతి కోసం వేసిన లేఅవుట్‌లో ఒంటి అంతస్తు ఇల్లు. కానీ దానికి వీధి వైపు తలుపు లేదు. పక్కనున్న కార్ షెడ్డులోంచే లోపలికి వెళ్లాలి. రాకపోకలు వీధిలోని వాళ్ల కంట పడకూడదని ఎవర్స్ దంపతులు అలా కట్టించుకున్నారు. పిల్లలకు మంచాలు లేవు, పరుపులు నేల మీదే. తూటా కిటికీలోంచి వస్తే పైనుంచి పోవాలని. 1963 జూన్ 12న అర్ధరాత్రి దాటాక ఎవర్స్ కారు దిగి, చేతిలో 'జిమ్ క్రో (నల్లవాళ్లను వేరుపెట్టే చట్టాలు) పోవాలి' అని అచ్చేసిన టీషర్టులతో ఆ షెడ్డులో నిలబడి ఉండగానే వెనక నుంచి కాల్చారు. ఎదురుగా ఉన్న పొదల చాటున హంతకుడు మాటు వేశాడు. తూటా ఆయన ఒంట్లోంచి దూసుకుపోయి, కిటికీని, గోడను దాటి వంటింట్లో ఫ్రిజ్‌కు తగిలింది. లోపల పిల్లలు నాన్న నేర్పినట్టే నేలకు కరుచుకున్నారు. ఆయన వయసు 37.

షెడ్డు నుంచి వంటింటికి ఎంత దూరమో, పిల్లలు ఎంత దగ్గర్లో ఉన్నారో ఏ విగ్రహం చూపిస్తుంది? పైగా జాక్సన్‌లో ఆయన విగ్రహం 1992లోనే పెట్టేశారు. అప్పటికింకా హంతకుడికి శిక్షే పడలేదు!

ఇక మానిన గాయం సంగతి. హంతకుడు బైరన్ డి లా బెక్‌విత్ వేలిముద్ర తుపాకీ మీద దొరికింది. అయినా 1964లో రెండుసార్లు విచారణ జరిగితే, అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీలు రెండూ ఏ తీర్పూ చెప్పలేకపోయాయి. ఎవర్స్ భార్య మర్లీ సాక్ష్యం చెబుతుండగా మాజీ గవర్నర్ రాస్ బార్నెట్ కోర్టులోకి వచ్చి నిందితుడికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. జ్యూరీ సభ్యుల గుట్టు ఆరా తీసి నిందితుడి లాయర్లకు సాయపడింది కూడా ఓ రాష్ట్ర ప్రభుత్వ సంస్థే. శిక్ష పడింది 1994లో. ముప్పై ఏళ్లు పచ్చిగా ఉంచిన గాయాన్ని మానిందని ఎవరు తేల్చారు?

ప్రభుత్వం విషయానికొస్తే, అది వచ్చింది అందరికన్నా ఆఖర్న. 1993లో మర్లీ ఈ ఇంటిని టూగలూ కాలేజీకి విరాళంగా ఇచ్చేశారు. ఏళ్ల తరబడి కాలేజీయే కాపాడింది. ఇంటిని జాతీయ స్మారకం చేసే చట్టం 2019లో వచ్చింది, స్మారకం ఏర్పాటైంది 2020 డిసెంబర్‌లో.

అట్లాంటాలో కింగ్ పుట్టిన ఇల్లు 1980లోనే జాతీయ చారిత్రక స్థలంలో భాగమైంది, మంచిదే. అయితే మిసిసిపీలో 1955లో పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్‌ను చంపినప్పుడు కూలివాడి వేషంలో తిరిగి సాక్షులను వెతికినవాడు ఎవర్స్. 1962లో నల్లజాతి విద్యార్థి జేమ్స్ మెరెడిత్, అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన మిసిసిపీ యూనివర్సిటీలో చేరడానికి వెనక నిలిచినవాడూ ఆయనే. హత్యకు కొద్ది వారాల ముందు ఇదే షెడ్డు మీద పెట్రోల్ బాంబు వేస్తే, ఆయన ఇంట్లో లేడు. తోటకు నీళ్లు పట్టే పైపుతో మంటలార్పింది మర్లీ. స్మారకం అధికారిక పేరులో ఆమె పేరు కూడా ఉంది. ఉండాల్సిందే.