కిలిమంజారో 5 రోజుల పని కాదు

కర్నూలు, అనంతపురం, కడప వాట్సాప్ గ్రూపుల్లో ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం ఎక్కడం గురించి ఒక సందేశం తిరుగుతోంది. సారాంశం ఇది: "కిలిమంజారోకు తాడు అక్కర్లేదు, అంతా నడకే. 44 డిగ్రీల ఎండలో పనిచేసే మన సీమోళ్లకు అదొక లెక్కా? 5 రోజుల ప్యాకేజీ చాలు, 7, 8 రోజులనేది ఏజెంట్ల దోపిడీ. డయామాక్స్ మాత్ర వేసుకుంటే ఏమీ కాదు. మరీ కష్టమైతే గైడ్ దగ్గర ఆక్సిజన్ ఉంటుంది. ఎక్కేదాకానే కష్టం, దిగడం ఆట." దీన్ని నమ్మి టికెట్లు కొంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఒక్కో మాటా విడదీసి చెబుతున్నాం.

"అంతా నడకే." ఇది నిజం. మరాంగు, మచామే, లెమోషో, రొంగాయ్ దారుల్లో తాళ్ల పని లేదు. బరాంకో గోడ అనే నిటారు రాతి ఎక్కుడు దగ్గర మాత్రం కొన్నిచోట్ల చేతులు ఆనించి ఎక్కాలి. కిలిమంజారోలో ముప్పు దారిలో కాదు, గాలిలో ఉంది. 5,895 మీటర్ల ఉహురు శిఖరం మీద కూడా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే. కానీ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా సగమే.

"ఎండకు తట్టుకున్నోళ్లం." ఎండకు అలవాటైన ఒళ్లు త్వరగా చెమట పట్టించి వేడిని వదిలించుకుంటుంది. పల్చటి గాలికి కావాల్సింది వేరే: ఊపిరి వేగం పెరగాలి, దానికి తగ్గట్టు మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని బయటికి పంపాలి. ఈ సర్దుబాటుకు రోజులు పడుతుంది, కండబలంతో తొందరపెట్టలేం. కర్నూలు, అనంతపురం, కడప మూడూ 400 మీటర్ల లోపే. మన దగ్గర్లో చెప్పుకోదగ్గ ఎత్తు అంటే హార్స్‌లీ హిల్స్, అదీ 1,265 మీటర్లే. అంటే 4,000 మీటర్ల మీద తన ఒళ్లు ఎలా ఉంటుందో ఇక్కడ ఉండి ఎవరూ చెప్పలేరు. గుత్తి కోట, పెనుకొండ, అహోబిలం ఉగ్రస్తంభం వీపున 6 కిలోల బరువుతో ఎక్కి దిగండి. కాళ్లకు, మోకాళ్లకు మంచి సాధన. ఎత్తుకు మాత్రం అది సాధన కాదు. బాగా ఫిట్‌గా ఉన్న కుర్రాళ్లకూ ఎత్తు జబ్బు (పల్చటి గాలి వల్ల తలనొప్పి, వికారం, వాంతులు) వస్తుంది. వాళ్లు వేగంగా నడుస్తారు కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ.

ఇక "5 రోజులు చాలు". ఈ సందేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. 5 రోజుల ప్యాకేజీ సాధారణంగా మరాంగు దారిలో ఉంటుంది. మొదటి రాత్రి మండారా శిబిరంలో, 2,720 మీటర్లు. రెండో రాత్రి హొరొంబోలో, 3,720. మూడో రాత్రి కిబోలో, సుమారు 4,720. ఆ రాత్రి పడుకునేది నాలుగైదు గంటలే, అర్ధరాత్రి లేచి శిఖరానికి బయల్దేరాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలని పర్వత వైద్యం చెబుతుంది. ఈ ప్యాకేజీ రోజుకు 1,000 పెంచుతుంది, విశ్రాంతి రోజు అసలు లేదు. 5 రోజుల్లో పైకి చేరినవాళ్లు లేరని కాదు. ఎవరు చేరతారో, ఎవరు కిబోలో వాంతులు చేసుకుంటారో ముందుగా తెలియదు, అదీ చిక్కు.

అదే దారిలో హొరొంబోలో ఒక రాత్రి అదనంగా ఉండి, పగలు 4,000 మీటర్ల దాకా నడిచి వెనక్కి వస్తే కొంత మేలు. 7 రోజుల మచామే ఇంకా మేలు. అందులో మూడో రోజు 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రికి బరాంకోకు, అంటే 4,000 లోపుకు దించుతారు. తర్వాత కరంగాలో ఒక రాత్రి, ఆపైన 4,673 మీటర్ల బరాఫు శిబిరం. 6 రోజుల మచామేలో తీసేసేది సరిగ్గా ఆ కరంగా రాత్రినే. 8 రోజుల లెమోషో వీటన్నిటికంటే నెమ్మదైనది. పార్కు రుసుము రోజుల లెక్కన కట్టాలి, అందుకే రోజు పెరిగితే ధర పెరుగుతుంది. అది దోపిడీ కాదు. ఆ డబ్బుతో మీరు కొంటున్నది ఒళ్లు సర్దుకునే ఒక రాత్రి.

డయామాక్స్ సంగతి. డయామాక్స్ అంటే ఎసిటజోలమైడ్ మాత్ర. అది ఒంటి సర్దుబాటును త్వరపెడుతుంది, దాని బదులు పనిచేయదు. నివారణకు మామూలు మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. మాత్ర వేసుకున్నా తలనొప్పి, వికారం మొదలైతే పైకి కదలొద్దు. నొప్పి మాత్రతో తలనొప్పిని అణచిపెట్టి ఎక్కడం అన్నిటికంటే చెడ్డ పని. మద్యం, నిద్రమాత్రలు వద్దు.

ఆక్సిజన్ సిలిండర్ ఉండేది ఎక్కించడానికి కాదు, దించేటప్పుడు ఊపిరి నిలపడానికి. లెక్క చూడండి: 400 లీటర్ల సిలిండర్ నిమిషానికి 4 లీటర్ల చొప్పున 100 నిమిషాలు వస్తుంది. అంతే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఒక కాలి బొటనవేలికి రెండో కాలి మడమ ఆనిస్తూ తిన్నగా పది అడుగులు వేయలేకపోతే, మాట తడబడితే మెదడు వాస్తోంది. రెండింటికీ మందు ఒకటే, వెంటనే దిగడం. అర్ధరాత్రైనా సరే. తెల్లారనిద్దాం అనుకోవడం వల్లే ప్రాణాలు పోతాయి.

చలి గురించి సందేశంలో ఒక్క ముక్క లేదు. శిఖరం రాత్రి సున్నాకు 10, 15 డిగ్రీలు కిందికి పోవచ్చు, దానికి తోడు ఈదురుగాలి. కాటన్ బనియన్ చెమటకు తడిసి అలాగే ఉంటుంది, కాబట్టి ఉన్ని లేదా సింథటిక్. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోండి, గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత తెరుచుకుంటుంది. గొట్టంతో తాగే సంచి పనికిరాదు, గొట్టమే ముందు గడ్డకడుతుంది. ఫోను, టార్చి బ్యాటరీలు లోపలి జేబులో ఉండాలి. ఆకలి చచ్చిపోతుంది. చెనక్కాయ చిక్కీ లాంటిది గంటకో ముక్క బలవంతంగానైనా తినాలి.

"దిగడం ఆట" అన్నవాళ్లు ఆ రోజు లెక్క చూసినట్టు లేదు. బరాఫు నుంచి 1,200 మీటర్లు ఎక్కడానికి 6 నుంచి 8 గంటలు. నిద్రలేని ఆ ఒంటితోనే అదే రోజు 3,100 మీటర్ల మ్వెకా శిబిరానికి, అంటే దాదాపు 2,800 మీటర్లు దిగాలి. జారే కంకర మీద. కాలి గోళ్లు కత్తిరించుకోకపోతే, రెండు చేతికర్రలు, ముందే అలవాటు చేసుకున్న బూట్లు లేకపోతే మోకాళ్లు, బొటనవేళ్లు దెబ్బతింటాయి.

డబ్బు కట్టేముందు ఏజెంటును ఇవి అడగండి. పడుకునే శిబిరాల ఎత్తులు రోజువారీగా రాసిస్తారా? వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పరికరంతో రోజుకు రెండుసార్లు పరీక్షిస్తారా? ఒకరు జబ్బుపడి దిగాల్సి వస్తే వెంట వెళ్లడానికి సహాయ గైడ్ ఉన్నాడా? పోర్టరు మోసేది 20 కిలోలకు మించకూడదన్న పార్కు నియమం పాటిస్తారా, వాళ్ల కూలి ఎంత? మరీ చవక ప్యాకేజీల్లో కోత పడేది వాళ్ల కూలిలో, తిండిలోనే. చివరగా బీమా పత్రం. మామూలు ప్రయాణ బీమాలు చాలావరకు ఒక ఎత్తు దాటితే వర్తించవు. 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగుకు, హెలికాప్టరులో దించడానికి వర్తిస్తుందని అందులో రాతపూర్వకంగా ఉంటేనే సంతకం పెట్టండి.