ఎలుగుబంటి కింద ఫెల్ట్ బిళ్ళలు

ఇంటికొచ్చి ఇంకా కోటు కూడా విప్పలేదు. విప్పితే చల్లబడిపోతానని భయం. అందుకే సోఫా అంచున కూర్చుని టైప్ చేస్తున్నాను. "వాళ్ళకిచ్చేశాం, ఇంక వాళ్ళిష్టం, పోనీలే" అంటున్నారు మా ఆయన. ఆ "పోనీలే" మీద ఇంకో రోజు వేరే పోస్టు పెడతాను.

విషయం చెప్తాను. పోయినేడు ఇక్కడ కెనడాలో, బ్రాంప్టన్‌లో మాకు తెలిసిన ఒక అన్నయ్యా వదినల గృహప్రవేశం. అందరూ గణపతి విగ్రహాలు తెస్తారని తెలుసు. తెచ్చారు కూడా, పదకొండు. ఈ దేశంలో ఇల్లు కట్టుకున్నారు కదా, ఈ దేశపు నేల నుంచి ఏదైనా ఇద్దామని ఒక చిన్న ఎలుగుబంటి కొన్నాను. ముదురాకుపచ్చ సర్పెంటైన్ రాయి, జానెడు కూడా ఉండదు. ఒంటికాలి మీద నిలబడి మెడ పైకెత్తి డాన్స్ చేస్తుంటుంది. ఉత్తరాన మంచు ప్రాంతంలో కింగైట్ అనే ఊళ్ళో ఒక ఇన్యుయిట్ ఆయన చెక్కింది. 480 డాలర్లు. అవును, నాలుగు వందల ఎనభై. మా ఆయన మొహం అప్పుడు ఎలా పెట్టారో నాకింకా గుర్తుంది.

ఆ ఎలుగుబంటి పాదం తిరగేస్తే ఒక పేరుంటుంది. ఇన్యుయిట్ల ఇనుక్టిటుట్ భాష లిపిలో. చిన్న త్రికోణాలు, కొక్కేల్లాంటి గీతలు, మధ్యలో ఒక చుక్క. మేకుతో గీసినట్టు సన్నగా ఉంటుంది, వేలు పెట్టి రాస్తే గోటికి తగులుతుంది. నేను కొన్నదే ఆ గీతలు చూసి.

ఇవాళ వాళ్ళబ్బాయి పుట్టినరోజుకి వెళ్ళాం. కాఫీ టేబుల్ మీద, రిమోట్‌కీ టిష్యూ డబ్బాకీ మధ్యన ఉంది నా ఎలుగుబంటి. సరే, రోజూ కళ్ళముందే పెట్టుకున్నారని మురిసిపోయాను. చేతిలోకి తీసుకుని తిరగేశాను. మూడు ఫెల్ట్ బిళ్ళలు. కుర్చీ కాళ్ళ కింద అంటిస్తామే, అవి. రెండు సరిగ్గా పేరు మీద!

"టేబుల్ మీద గీతలు పడుతున్నాయని వేశాను వదినా. కిందేదో గోకేసి ఉంది, డిఫెక్ట్ పీసేమో, అదీ కనపడకుండా పోయింది" అంది వదిన. పైగా నన్ను ఓదారుస్తున్న గొంతుతో.

అన్నయ్య ఇంకో మెట్టు ఎక్కారు. "ఎస్కిమో బొమ్మే కదమ్మా! ఇవే నయాగరా దగ్గర ఇరవై డాలర్లకి రాశులు పోసి అమ్ముతున్నారు. నన్నడిగితే బేరం చేసి ఇప్పించేవాణ్ణి."

ఇప్పించేవారు. మీరు చల్లగా ఉండాలి అన్నయ్యా.

ఆ ఇరవై డాలర్లవి నేనూ చూశాను. రెజిన్ పోతబొమ్మలు. రాతిపొడి కలిపి అచ్చులో పోస్తారు. పది ఎలుగుబంట్లు తీసి వరసగా పెట్టండి, పదింటికీ ఎడమచెవి దగ్గర అదే నొక్కు. అసలైన వాటికి ఇగ్లూ బొమ్మ ఉన్న ఒక చీటీ కడతారు. ఈ నకిలీల పోరు పడలేకే కెనడా ప్రభుత్వం 1958లో ఆ ఇగ్లూ ట్యాగ్ పెట్టింది. దాన్ని ఇన్యుయిట్ ఆర్ట్ ఫౌండేషన్ చేతికి ఇచ్చింది మాత్రం 2017లో. దాదాపు అరవై ఏళ్ళ పాటు, ఫలానాది ఇన్యుయిట్లు చేసిందేనని ఒట్టావాలో కూర్చున్న దొరలు సర్టిఫికెట్ ఇచ్చారన్నమాట. మా ఎలుగుబంటికీ ఆ చీటీ ఉండేది. ఏమైందని అడిగితే "గిఫ్ట్ కదా, ప్రైస్ ట్యాగ్ అనుకుని పారేశాం" అన్నారు.

ఇక ఆ "ఎస్కిమో" అనే మాట. అది మమ్మల్ని బయటివాళ్ళు పిలిచే పేరు, మాకొద్దు, మేం ఇన్యుయిట్లం అని వాళ్ళు యాభై ఏళ్ళ నుంచీ మొత్తుకుంటున్నారు. ఇన్యుయిట్ అంటే మనుషులు అని అర్థం, అంతే. ఒక్కరైతే ఇనుక్. ఇందులో నోరు తిరగనిదేముంది? ప్రతి పండక్కీ సంకల్పంలో గోత్రనామాలు గడగడా చదివే నోరే కదా?

ఇప్పుడు ఆ బిళ్ళల సంగతి. నా ఒళ్ళు ఎందుకు మండిందో తెలియాలంటే ఇది తెలియాలి. ఇన్యుయిట్లకి ఇంటిపేర్లుండేవి కావు. చనిపోయిన తాత పేరో, మేనత్త పేరో పుట్టిన బిడ్డకి పెట్టుకునేవారు, ఆ పేరుతోపాటు ఆ మనిషి కూడా తిరిగొచ్చాడని నమ్మేవారు. తెల్ల అధికారులకి ఆ పేర్లు నోరు తిరగలేదు, రికార్డుల్లోకి ఎక్కలేదు. దాంతో 1941 నుంచి ఒక్కొక్కరికీ ఒక నంబరు బిళ్ళ ఇచ్చారు. గుండ్రటి చిన్న బిళ్ళ, మీద కిరీటం గుర్తు, అంచున చిల్లు. ఆ చిల్లులో తాడు దూర్చి మెడలో వేసుకోవాలి, లేదా కోటుకి కుట్టుకోవాలి. తూర్పు వాళ్ళకి 'E', పడమటి వాళ్ళకి 'W', తర్వాత అంకెలు. మన దగ్గర బిళ్ళబంట్రోతుకైనా ఆ బిళ్ళ చూపించి నలుగురి మీద దర్పం చలాయించే వీలుండేది. వీళ్ళకి అదీ లేదు. 1960ల చివర్లో ఏబ్ ఓక్పిక్ అనే ఇన్యుయిట్ పెద్దాయన ఊరూరూ తిరిగి ఇంటిపేర్లు రాయించుకునేదాకా చాలామంది కాగితాల మీద నంబర్లే. ఆ కాలంలో చెక్కిన బొమ్మలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. తిరగేస్తే చాలావాటి కింద పేరు బదులు ఆ నంబరే చెక్కి ఉంటుంది.

అలాంటి చోట, ఎనభై ఏళ్ళ తర్వాత ఒక మనిషి తన లిపిలో తన పేరు చెక్కుకున్నాడు. దాని మీద మనం తెచ్చి అంటించింది ఏమిటి? మళ్ళీ బిళ్ళ!

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కాఫీ షాపులో కప్పు మీద తన పేరు తప్పు రాశారని ఈ అన్నయ్యే నాకు తెలిసి మూడుసార్లు పోస్టు పెట్టారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు పడి, ఒంటిపేరు వెనక పడి, ఆఫీసులో అందరూ తనని ఇంటిపేరుతోనే పిలుస్తున్నారని ఇవాళ కూడా బిర్యానీ తింటూ ఇరవై నిమిషాలు చెప్పారు. "మన ఐడెంటిటీ అంటే వీళ్ళకి లెక్కలేదమ్మా" అన్నారు. నా ప్లేటు పక్కనే ఉంది ఎలుగుబంటి.

సరే, రాయి సంగతికి వద్దాం. "రాయికి అంత రేటా?" అంట. ఆ ఊళ్ళకి రోడ్డు లేదన్నయ్యా. కింగైట్ ఉన్న ప్రాంతం నునావుట్, మొత్తం అందులో ఏ ఊరినించి ఏ ఊరికీ రోడ్డు లేదు. కింగైట్‌లో జనం పద్నాలుగు వందలు. సముద్రం మంచు కరిగిన కొద్ది నెలల్లో పడవలేసుకుని వెళ్ళి రాయి కొట్టి తెచ్చుకోవాలి. ఇంట్లో చెక్కితే ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందని చాలామంది ఆరుబయటే చెక్కుతారు. ఆ చలిలో చేతిలో గ్రైండర్, మొహానికి మాస్క్, కనురెప్పల మీద తెల్లగా రాతిపొడి. మనం నవంబర్‌లో చెత్తడబ్బా రోడ్డు పక్కన పెట్టి రావడానికి కెనడా గూస్ కోటు వేసుకుంటాం.

అన్నట్టు వాళ్ళు చెక్కే రాళ్ళలో సోప్‌స్టోన్ ఒకటి. అదేమిటో తెలుసా? మన బలపం రాయే. మా అమ్మమ్మ పప్పుపులుసు కాచిన రాచిప్ప ఆ రాయిదే. అక్కడి అమ్మమ్మలు అదే రాతితో కుల్లిక్ అనే దీపం తొలిచి, సీల్ కొవ్వు పోసి వెలిగించి, దాని పైన అదే రాతి గిన్నె వేలాడదీసి వండేవారు. ఇది తెలిసిన రోజు నేను వంటింట్లో రాచిప్ప పట్టుకుని కాసేపు అలా నిలబడిపోయాను. వదినకి చెప్తే, "అయ్యో, మాదెప్పుడో పగిలిపోయింది, నాన్‌స్టిక్ కొన్నాం" అంది.

ఇక ఇన్యుయిట్ కళ గురించి ఎవరు రాసినా ఒకే కథ. 1948లో జేమ్స్ హ్యూస్టన్ అనే ఆయన ఉత్తరానికి వెళ్ళాడు, బొమ్మలు తెచ్చాడు, మరుసటేడు మాంట్రియల్‌లో అమ్మకానికి పెడితే మూడు రోజుల్లో ఖాళీ. అక్కడికి ఆయన వెళ్ళేదాకా వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నట్టు! ఆ నేలలో వెయ్యేళ్ళ నాటి దంతపు ఎలుగుబంట్లు బొటనవేలంతవి దొరికాయి. ఆయన మేలు చేశాడు, కాదనను. సిగరెట్ డబ్బాల మీద నావికుడి తల అన్నీ ఒకేలా ఉన్నాయే, అన్నన్నిసార్లు గీయాలంటే ఎవరికైనా విసుగు పుట్టదా అని ఒసూయిటోక్ ఇపీలీ అనే ఇన్యుయిట్ శిల్పి అడిగాడట. అప్పుడు ఇపీలీ చెక్కిన వాల్రస్ దంతానికే సిరా పూసి, టాయిలెట్ పేపర్ అద్ది అచ్చు చూపించానని హ్యూస్టనే చెప్పుకున్నాడు. తర్వాత జపాన్ వెళ్ళి అచ్చుపని నేర్చుకొచ్చి అక్కడ నేర్పాడు. 1959లో మొదటి ప్రింట్ల సంపుటి వచ్చింది. మరి ఆ ప్రశ్న అడిగినాయన పేరు మీలో ఎంతమందికి తెలుసు? తెలివి ప్రశ్నలో ఉందా, టాయిలెట్ పేపర్లో ఉందా?

కింగైట్ చిత్రకారిణి కెనోజువాక్ ఆషెవాక్ గీసిన గుడ్లగూబనైనా చూసుంటారు. ఈకలు సూర్యకిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. 1960 నాటిది. ఒకరు గీస్తే ఇంకొకరు దాన్ని రాతి మీద చెక్కి, రోలర్‌తో సిరా పూసి, పల్చటి కాగితం పరిచి, చేత్తో ఒత్తి ఒత్తి తీస్తారు. తీసింది యాభై ప్రతులు. 1970లో తపాలా బిళ్ళ మీదికెక్కింది. (చూశారా, మళ్ళీ బిళ్ళ. ఇదొక్కటే మర్యాదైనది.) 2018లో ఒక ప్రతి వేలంలో 2,16,000 డాలర్లు పలికింది. ఆవిడ 2013లోనే పోయింది. అన్నయ్యకి ఈ అంకె చెప్పగానే కళ్ళు మెరిశాయి. "అయితే మన ఎలుగుబంటి కూడా పెరుగుతుందంటావా?" పెరుగుతుంది. సంతకం కనపడితే.

"నిజమైన ఎస్కిమోలు ఇప్పుడు ఇగ్లూల్లో ఉండట్లేదటగా, ఇంకేం కళ?" అన్నాడు కేకు తింటున్న ఇంకొకాయన. మరి మీరు పంచె కట్టుకుని ఎడ్లబండి మీద వచ్చారా ఇక్కడికి? ఆనీ పూటూగూక్ అనే ఇన్యుయిట్ చిత్రకారిణి టీవీ చూస్తున్న కుటుంబాన్ని, వంటింటి గోడ గడియారాన్ని రంగు పెన్సిళ్ళతో గీసింది. 2006లో కెనడా కళాకారులకిచ్చే సోబీ అవార్డు తీసుకుంది. పదేళ్ళ తర్వాత ఒట్టావాలోని రీడో నదిలో శవమై దొరికింది. నలభై ఏడేళ్ళు. అప్పుడు పేపర్లన్నీ పేరు స్పెల్లింగ్ సరిగ్గా రాశాయి.

నిజం చెప్పాలంటే ఈ మంట ఇవాళ్టిది కాదు. 2019లో ఇండియా వెళ్ళినప్పుడు ఇదే జంటతో కొండపల్లి వెళ్ళాం. తెల్లపొణికి కర్రతో చేసిన దశావతారాల సెట్టు. చేసినాయన గుమ్మంలో కూర్చుని అంచు రంగు వేస్తున్నాడు, బ్రష్షులో పట్టుమని పది వెంట్రుకలు లేవు. అన్నయ్య ముప్పావుగంట బేరం చేసి రెండొందలు తగ్గించారు. కారెక్కాక "వీళ్ళకి డాలర్లని తెలిస్తే నెత్తికెక్కుతారు" అన్నారు. ఆ పూట నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన పేరు నేనూ అడగలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వేడెక్కుతాయి.

ఇవాళ వదిన కట్టుకున్నది కలంకారీ చీర. కలంకారీ అని ఆవిడ అంటోంది. కంప్యూటర్లో వేసి పాలియెస్టర్ మీద గుద్దిన నెమళ్ళు, బెత్తెడుకో నెమలి, అన్నింటికీ ఒకటే కన్ను. కరక్కాయ వాసన లేదు, పాల వాసన లేదు. శ్రీకాళహస్తిలో వెదురు కలం పట్టుకుని కూర్చున్నవాళ్ళ నోట్లో మట్టి కొట్టిన చీర అది. "పద్దెనిమిది వందలే వదినా" అని మెరిసిపోతూ చెప్పింది. పుట్టినరోజు కదా అని "బావుంది" అన్నాను. తప్పు నాదే.

అందరూ కొవ్వొత్తుల చుట్టూ చేరి పాట పాడుతున్నప్పుడు నేను సోఫా దగ్గరే ఉండిపోయాను. గోటితో మెల్లిగా పీకాను. పేరు మీద ఉన్నవి రెండే. జిగురు కాస్త మిగిలింది, చీర కొంగు తడిపి తుడిచాను. గీతలు కనపడ్డాయి. చుక్క కూడా.

ఇప్పుడే వదిన మెసేజ్ పెట్టింది: "వదినా, పిల్లలెవరైనా బొమ్మని కింద పడేశారా? ఒక పక్కకి ఊగుతోంది."

ఇంకా రిప్లై ఇవ్వలేదు. రెండు బిళ్ళలూ నా కోటు జేబులో ఉన్నాయి.