తాగేవాడి గదిలో వేస్తే పిల్లాడు తాగుబోతవుతాడా?

కాలేజీల్లో చేరికలు మొదలయ్యాయంటే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన తిరగడం మొదలవుతుంది. హాస్టల్ గదిలో తాగేవాడు ఒక్కడుంటే చాలు, తాగనివాడూ తాగుబోతవుతాడట. ఈ రోజుల్లో తాగని కుర్రాడంటూ లేడట. కనుక తాగేవాళ్లందరినీ వేరే బ్లాకులో పడేసి, మన పిల్లాణ్ని ర్యాంకరు పక్కన వేయించుకోవాలట.

మొదటి మాటలో ఒక చిక్కుంది. తాగేవాళ్లు తాగేవాళ్లతోనే జట్టు కడతారు కాబట్టి, ఎవరు ఎవరిని మార్చారో బయటినుంచి చూసి తేల్చలేం. స్నేహితుణ్ని ఎంచుకునే అవకాశమే లేనిచోట చూడాలి. అమెరికాలో ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయం లాటరీ పద్ధతిలో గదులు కేటాయించింది. 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన మైకేల్ క్రెమర్, డాన్ లెవీ, మరికొందరు పరిశోధకులు అక్కడి విద్యార్థులను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించారు. హైస్కూల్లోనే విపరీతంగా తాగిన అబ్బాయికి అలాంటివాడే రూమ్మేటుగా పడితే తాగుడు బాగా పెరిగింది. ఆ అలవాటు లేకుండా వచ్చినవారిలో అలాంటి పెరుగుదల కనబడలేదు, అమ్మాయిల్లోనూ కనబడలేదు. అంటే రూమ్మేటు ఉన్న నిప్పును ఎగదోశాడే గాని కొత్తగా అంటించలేదు. ఆ నిప్పు ఇంటర్‌లోనో, ఇంట్లో పెళ్లి విందులోనో అంటుకుని ఉండవచ్చునన్న ఆలోచన మాత్రం ఈ సందేశాలు పంచేవారికి రుచించదు.

ఇక అందరూ తాగుతారన్న మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు దాటిన మగవారిలో మద్యం తాగుతామన్నవారు దేశం మొత్తం మీద 18.8 శాతం. తెలంగాణలో అది 43.3 శాతం, చాలా ఎక్కువే, అయినా సగం దాటలేదు. మరి అందరూ తాగుతున్నట్టు ఎందుకనిపిస్తుంది? హాస్టల్ గదిలో పుట్టినరోజు పార్టీని తలచుకోండి. పదిమందిలో ఇద్దరు వాంతి చేసుకుంటారు, ఒకడు కారిడార్‌లో పాటలు పాడతాడు. మర్నాడు మెస్సులో ఆ ముగ్గురి గురించే కబుర్లు. గ్లాసులో ఉత్త థమ్సప్ పోసుకుని, మంచింగ్ ప్లేటు ఖాళీ చేసి, పదకొండింటికి వెళ్లి పడుకున్నవాడు ఎవరికీ గుర్తుండడు. సాటివారు తమకన్నా ఎక్కువగా తాగుడును సమర్థిస్తారని విద్యార్థులు పొరపడుతున్నట్టు పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే పరిశోధకులు 1986లోనే చూపించారు. 'కంపెనీ ఇవ్వరా' అని ఎవరూ అడగకపోయినా, లేని మెజారిటీని ఊహించుకుని దానితో సమానంగా నిలబడాలని గ్లాసు అందుకోవడమే నా దృష్టిలో అసలైన సావాస ప్రభావం. తాగని కుర్రాడు లేడని రాసి పంపే పెద్దలు ఆ ఊహకే బలం చేకూరుస్తున్నారు.

చివరిది, వేరే బ్లాకు సలహా. ముందునుంచీ తరచుగా తాగే అబ్బాయికి అలాంటివాడే జతపడితే, నాలుగు పాయింట్ల గ్రేడు సగటులో మూడింట రెండు వంతుల పాయింటు తగ్గిందని క్రెమర్, లెవీల మరో అధ్యయనం తేల్చింది. తాగేవాళ్లను ఒకచోట చేర్చడమంటే సరిగ్గా ఆ జతలనే పెంచడం. అలా విడదీస్తే మొత్తం సగటే పడిపోవచ్చునని వారు హెచ్చరించారు కూడా. ర్యాంకరు పక్కన వేయమని వార్డెన్‌ను బతిమాలుకునేవారికి ఇంకో సంగతి: రూమ్మేటు హైస్కూలు మార్కులు, ప్రవేశ పరీక్ష స్కోరు పక్కవాడి గ్రేడును ఏమాత్రం కదిలించలేదని అదే అధ్యయనంలో ఉంది.