మేనేజ్‌మెంట్ పాఠం చెప్పేవారు తొలిరోజు ఏం చెప్పుకోవాలి?

జూన్, జూలై వచ్చిందంటే బెంగళూరు బిజినెస్ స్కూళ్లలో కొత్త బ్యాచ్‌ల సందడి మొదలవుతుంది. కొత్త ఫార్మల్ చొక్కాలు, మెడలో ఐడీ కార్డులు, ముఖాల్లో టెన్షన్. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చిన మన పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ కొందరుంటారు. చాలామంది వెనక వరుసల్లోనే సర్దుకుంటారు. తొలి క్లాసులో మేం మా గురించి చెప్పుకునే పది పదిహేను నిమిషాలు ఆ పిల్లల మీద ఎంత పనిచేస్తాయో, ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా అకౌంటింగ్ చెబుతున్న నేను దగ్గరి నుంచి చూస్తున్నాను. ఆ పరిచయం చాలాచోట్ల దారి తప్పిందన్నదే నా బాధ.

మామూలుగా జరిగేది ఇది. తెర మీద ఒక స్లైడ్ పడుతుంది. అందులో చదివిన కాలేజీల గుర్తులు, పనిచేసిన కంపెనీల లోగోలు, తిరిగిన దేశాలు ఉంటాయి. మొదటి ఏడాది నేనూ అదే చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. క్లాసంతా నిశ్శబ్దంగా వింటే గౌరవమనుకున్నాను. సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర పుంగనూరు కుర్రాడొకడు పలకరించాడు. "సార్, మీరు చెప్పిన కంపెనీల పేర్లన్నీ రాసుకున్నాను. మీ దగ్గర మేం ఏం నేర్చుకుంటామో మాత్రం అర్థం కాలేదు" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెద్ద పేర్లు వినేవాళ్ల బుద్ధిని ఎలా కమ్మేస్తాయో తెలియడానికి అమెరికాలో 1970లో జరిగిన ఒక ప్రయోగం చూస్తే చాలు. వైద్య విద్యతో సంబంధమున్న నిపుణుల ముందుకు డాక్టర్ మైరన్ ఫాక్స్ అనే వక్తను తీసుకొచ్చారు. గేమ్ థియరీని, అంటే ఎదుటివాళ్ల ఎత్తును బట్టి మన ఎత్తు తేల్చే గణితాన్ని, వైద్యుల శిక్షణకు వర్తింపజేయడం ఆయన అంశం. ఆయన గురించి ఘనంగా పరిచయం చేశారు. ఆయన చక్కగా, సరదాగా మాట్లాడాడు, ప్రశ్నలకు జవాబులిచ్చాడు. విన్నవాళ్లలో ఎక్కువమంది మంచి మార్కులే వేశారు. నిజానికి ఆయన ఒక నటుడు. ఒకదానికొకటి పొసగని, సరుకు లేని మాటలు చెప్పేలా ముందే తర్ఫీదు ఇచ్చారు. ఈ ప్రయోగం వివరాలు 1973లో అచ్చయ్యాయి. కూర్చుని విన్నది పసివాళ్లు కాదు, చదువు చెప్పడమే వృత్తిగా ఉన్నవాళ్లు. అలాంటివాళ్లే పరిచయానికీ మాటతీరుకీ పడిపోతే, నిన్నగాక మొన్న కాలేజీలో అడుగుపెట్టిన ఇరవై రెండేళ్ల పిల్లల సంగతేమిటి?

మనస్తత్వ శాస్త్రవేత్తలు నళిని అంబాడి, రాబర్ట్ రోసెంతాల్ 1993లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇక్కడ గుర్తొస్తుంది. టీచర్ల వీడియోల నుంచి పదేసి సెకన్ల ముక్కలు మూడు, శబ్దం లేకుండా, వాళ్లెవరో తెలియనివారికి చూపించారు. అవి చూసి వాళ్లు వేసిన అంచనాలు, సెమిస్టర్ చివర విద్యార్థులు ఇచ్చిన రేటింగులకు బాగా దగ్గరగా వచ్చాయి. అంటే తొలి చూపులో పడిన ముద్ర చివరిదాకా పోదన్నమాట. కాదంటే, మనం తీసుకునే ఫీడ్‌బ్యాక్ పాఠాన్ని కాక ఆ ముద్రనే కొలుస్తోందన్నమాట. నాకు రెండోదే ఎక్కువ భయం.

ఇక్కడ డబ్బు మాట కూడా చెప్పాలి. బెంగళూరు ఐఐఎంలో రెండేళ్ల కోర్సు ఫీజు పాతిక లక్షల దరిదాపుల్లో ఉంది. ఐఐఎంల లాంటి పేరున్న సంస్థలను పక్కన పెడితే, విద్యారుణం 7.5 లక్షలు దాటితే మామూలుగా బ్యాంకు తాకట్టు అడుగుతుంది. మన పల్లెల్లో తాకట్టంటే ఇల్లో, పొలమో. కొనే వస్తువు గురించి అన్నీ తెలుసుకుని కొనమని మార్కెటింగ్ క్లాసులో చెబుతాం. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి వచ్చిన పిల్లాడికి, తన ముందు నిలబడిన మనిషికి ఏం వచ్చో, ఏం రాదో తెలుసుకునే హక్కు లేదా?

డిగ్రీలు అక్కర్లేదని నేననడం లేదు. పీహెచ్‌డీ చేసిన మనిషికి ఒక మాట నిజమో కాదో ఎలా తేల్చాలో తెలుస్తుంది. అది చిన్న విద్య కాదు. కంపెనీల్లో మునిగి తేలిన మనిషికి, బ్యాలెన్స్ షీటులో ఎక్కడ చెయ్యి పెడితే తడి తగులుతుందో తెలుస్తుంది. 2022లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' మార్గదర్శకాలు తెచ్చింది. తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులను, డిగ్రీల పట్టింపు లేకుండా, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకుండా తీసుకోవచ్చని చెప్పింది. మంచి నిర్ణయమే. కానీ ఇప్పుడు ఒకే కారిడార్‌లో రెండు రకాల జ్ఞానం ఉన్నవాళ్లు తిరుగుతున్నారు. తనది ఏ రకమో చెప్పుకోవడం చెప్పేవారి బాధ్యత. నాకు పీహెచ్‌డీ లేదు, కంపెనీ అకౌంట్స్‌లో పద్నాలుగేళ్లు పనిచేశాను. బోర్డు మీటింగు జరిగే గదిలో మాత్రం ఏనాడూ కూర్చోలేదు. పాఠం అక్కడికి చేరినప్పుడు "ఇది చదివి చెబుతున్నాను, చూసి కాదు" అని తొలిరోజే చెప్పేస్తున్నాను.

దీనికి మా సహోద్యోగి ఒకామె అడ్డు చెప్పింది. ఆమెకు ముప్పై రెండేళ్లు. "మీరు మగవాళ్లు, తల నెరిసింది. తెలియదంటే వినయం అంటారు. నేను తెలియదంటే రాదనుకుంటారు" అంది. ఆమె మాట నిజం. 'మేడమ్, మీకు ఇండస్ట్రీ ఎక్స్‌పీరియన్స్ ఉందా?' అని ఆమెను తొలి గంటలోనే అడుగుతారు. నన్ను ఇన్నేళ్లలో ఒక్కరూ అలా అడగలేదు. కాబట్టి ఆమె డాక్టరేటు సంగతి ముందు చెప్పుకోవాల్సిందే. అందరికీ ఒకే కొలత పెట్టలేం. అయినా ఆమె కూడా డిగ్రీ పేరుతో ఆగిపోకుండా, ఆ ఐదేళ్లు ఏ ప్రశ్న వెంట తిరిగిందో చెబితే క్లాసు ఇంకా దగ్గరవుతుందనే నా నమ్మకం.

ఈ మాట ఊరికే అనడం లేదు. బెంగళూరు ఐఐఎం 1973లో మొదలైంది. దాని తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి. దేశంలో మేనేజ్‌మెంట్ చదువుకు పెద్ద పేర్లలో ఒకరైన ఆయన ఏళ్ల తరబడి పట్టుకున్న సమస్య ఎడ్లబండి. దాన్ని మెరుగుపరచడం, ఎద్దు మెడ మీద భారం తగ్గించడం. హోదా కన్నా ఆ ఎడ్లబండే ఆ మనిషి గురించి నాకు ఎక్కువ చెబుతుంది. మనిషిని ఏ సమస్య వదలకుండా పట్టుకుందో అదే అసలైన పరిచయం అని నేననుకుంటాను.

నా సంగతికి వస్తే, స్లైడ్ మానేశాను. ఒక కాగితం తీసుకెళ్తాను. మా నాయన మదనపల్లె మార్కెట్‌కి టమోటా తోలినప్పుడు మండీవాళ్లు ఇచ్చిన చీటీ. అంచులు చిరిగాయి, బాల్‌పెన్ సిరా నీలం నుంచి ఊదాకు తిరిగింది. పైన క్రేట్ల లెక్క, పక్కన వేలంలో పలికిన ధర. కింద కమీషన్, హమాలీ, బండి బాడుగ ఒక్కొక్కటీ తీసేసి, అడుగున గుండ్రంగా గీత చుట్టిన అంకె. ఆ అంకె చూసి నాయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. అందులో విత్తనం, ఎరువు, ఇంట్లోవాళ్ల కూలి ఎక్కడా లేవు. లెక్కలోకి రాని ఖర్చు ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న నన్ను అకౌంటింగ్ వైపు తోలింది. క్లాసులో ఇంగ్లీషులోనే చెబుతాను, ఎందుకంటే అక్కడ మణిపూర్ పిల్లలూ ఉంటారు, మంగళూరు పిల్లలూ ఉంటారు. మదనపల్లె పేరు చెవిన పడగానే మాత్రం వెనక వరుసలో రెండు మూడు తలలు పైకి లేస్తాయి.

ఈసారి నా పరిచయం అయ్యాక పిల్లల వంతు వచ్చింది. పర్సంటైల్, బీటెక్ బ్రాంచి, హాబీలు వరసగా నడుస్తున్నాయి. ధర్మవరం అమ్మాయి లేచింది. కాసేపు తడబడి, మా అమ్మ ఇంట్లోనే చీరలు అమ్ముతుంది, చాలామటుకు అరువే, ఎవరెంత ఇవ్వాలో రాసే పుస్తకం ఎనిమిదో తరగతి నుంచి నాదే అంది. ఎంతమంది ఎగ్గొడతారు అని అడిగాను. "పూర్తిగా ఎగ్గొట్టేవాళ్లు తక్కువ సార్. ఆలస్యం చేసేవాళ్లతోనే కష్టం" అంది. రాబట్టాల్సిన బాకీల పాఠం మూడో వారంలో ఉంది. ఆ పుస్తకం అప్పుడు తీసుకురామ్మా అన్నాను. సెలవుకి ఊరెళ్లి తెచ్చింది. ఆ రోజు పాఠం ఆమే మొదలుపెట్టింది.